గట్టెక్కిన కుర్సురా

పోయిన నెల మన సంఘం భోజనాల దగ్గర ఒక చిన్న వివాదం వచ్చింది. వేసవి సెలవులకు విశాఖపట్టణం పోయివచ్చిన పిల్లలిద్దరు, అక్కడి బీచిలో జలాంతర్గామి ఎక్కామనీ, లోపల ఆ కొసనుంచి యీ కొసకు నడిచామనీ గొప్పగా చెప్పుకుంటున్నారు. పక్క విస్తరిలో కూర్చున్న తాతగారు ఒకరు, "అది సిమెంటు బొమ్మరా అబ్బాయీ! నిజమైనదాన్ని ఇసుకలో ఎవడు పెడతాడు?" అని కొట్టిపారేశారు. పిల్లలు చిన్నబోయారు. తాతగారిని అనడానికీ లేదు. మూడు నాలుగు తరాలుగా యీ ఆనేకల్ తాలూకాలో వేళ్ళూనిన కుటుంబం వారిది. మన సర్జాపురంవారికి నీరంటే చెరువు. చెరువనకుండా కెరె అన్నా సరే. రాత్రంతా బస్సులో కూర్చుంటేగాని మనకు సముద్రం కంటబడదు. అందుచేత యీ నెల యీ శీర్షికలో పిల్లల పక్షాన వకాల్తా పుచ్చుకున్నాను.

అది బొమ్మ కాదు. ముప్పైయొక్క ఏళ్ళు మన నౌకాదళంలో కొలువు చేసి, 2001లో ఉద్యోగ విరమణ చేసిన అసలు సిసలైన జలాంతర్గామి. పేరు కుర్సురా. పొడవు 91 మీటర్లు. అనగా పది లారీలను ఒకదాని వెనుక ఒకటి నిలిపినంత. నీటిపైన తేలేటప్పుడు బరువు సుమారు రెండు వేల టన్నులు. ఇంత ఇనుమును సముద్రంలోనుంచి లాగి గట్టుమీద కూర్చోబెట్టారంటే తాతగారికి నమ్మకం కుదరకపోవడంలో వింత లేదు.

కుర్సురా పుట్టింది మన దేశంలో కాదు. 1960లలో మన నౌకాదళం జలాంతర్గాములు కావాలనుకున్నప్పుడు ఇచ్చేవారి కోసం వెదకి, చివరకు సోవియట్ రష్యాతో బేరం కుదుర్చుకుంది. మొదటి విడతలో నాలుగు వచ్చాయి. 1967 డిసెంబరులో కల్వరి, మరుసటి డిసెంబరులో ఖండేరి, 1969 సెప్టెంబరులో కరంజ్, ఆ యేడే డిసెంబరు 18న కుర్సురా. మన జెండా దానిమీద ఎగిరింది బాల్టిక్ సముద్రపు ఒడ్డున, రీగా రేవులో. ఆనాడు రీగా సోవియట్ యూనియనులోది. నేడు లాట్వియా అనే వేరే దేశానికి రాజధాని.

కాపురానికి వచ్చేటప్పుడు దగ్గర దారి కూడా దొరకలేదు పాపం. 1967 యుద్ధంలో సూయజ్ కాలువ మూతబడింది. మళ్ళీ తెరిచింది 1975లో. అందువల్ల 1970 ఫిబ్రవరిలో బయలుదేరిన కుర్సురా ఆఫ్రికా ఖండమంతా చుట్టి రావలసివచ్చింది. స్వీడనులో గోథెన్‌బర్గ్, స్పెయిన్‌లో లా కొరూనా, ఘనాలో టకొరాడి, ఆ పైన మారిషస్, యివి మజిలీలు. మారిషస్‌లో తెలుగువారు చాలాకాలంగా ఉన్నారు గనుక ఆ రేవులో ఏ ముసలమ్మ అయినా కొంగు కళ్ళకడ్డం పెట్టుకొని యీ నల్లని ఓడను చూచి ఉంటుందా అని నాకొక ఊహ. ఊహే సుమా.

ఇది ఎలా మునుగుతుంది, ఎలా తేలుతుంది అని పిల్లలు తప్పక అడుగుతారు. బిందె సంగతి అందరికీ తెలుసు. ఖాళీ బిందె తేలుతుంది, నీరు నిండితే మునుగుతుంది. జలాంతర్గామికి రెండు పొరల ఒళ్ళు. లోపలి పొరలో మనుషులు, యంత్రాలు. రెండు పొరల మధ్య తొట్లు. ఆ తొట్లలోకి సముద్రపు నీటిని వదిలితే ఓడ మునుగుతుంది. తేలాలంటే, ముందుగానే సీసాలలో బిగించి ఉంచిన గాలిని ఆ తొట్లలోకి వదిలి నీటిని బయటికి తన్నించాలి. మునగడం ఎవరికైనా చేతనవును. మళ్ళీ తేలడంలోనే ఉంది విద్య.

ఇక నడక. పైన తేలేటప్పుడు డీజిలు ఇంజన్లు నడుస్తాయి. వాటికి మనలాగే గాలి కావాలి. నీటి అడుగున గాలి ఎక్కడిది? కాబట్టి అడుగుకు పోయాక ఇంజన్లు ఆపి, బ్యాటరీల కరెంటుతో నడవాలి. బ్యాటరీలు నీరసించినప్పుడు కనీసం ఒక గొట్టమైనా నీటిపైకి చాచి, గాలి పీల్చి, డీజిలు తిప్పి, మళ్ళీ వాటిని నింపుకోవాలి. ఆ నింపుకునే సమయంలోనే శత్రువు కంట పడే భయం. అంతేగాక నింపేటప్పుడు బ్యాటరీలనుంచి వచ్చే వాయువు కాస్త పోగుపడిందంటే నిప్పురవ్వకే పేలిపోతుంది. మన ఇండ్లలో ఇన్వర్టరు బ్యాటరీ ఒకటి వరండాలో పెట్టుకొని దానికే జాగ్రత్తలు చెప్పుకుంటాము. అక్కడ అటువంటివి, ఇంకా భారీవి, వందలకొద్దీ పడకల కింద ఉంటే వాటిమీద నిద్రపోయారు మనుషులు.

ఎందరు? ఎనిమిదిమంది అధికారులు, అరవై ఏడుగురు నావికులు; మొత్తం డెబ్భై అయిదు. అంత జనం ఏడు అరల ఇనుప గొట్టంలో. ముందువైపు ఆరు, వెనుకవైపు నాలుగు టార్పీడో గొట్టాలు; మొత్తం ఇరవై రెండు టార్పీడోలు మోసేది. మనిషికంటె టార్పీడోకు చోటు ఎక్కువ ఇచ్చారనిపిస్తుంది లోపల చూస్తే. మంచినీరు కొలతమీద. రోజూ స్నానం అన్నమాటే లేదు. ఎండ లేదు, కిటికీ లేదు, పగలూ రాత్రీ ఒకటే దీపం. వంటగది మన పాత ఇళ్ళలో దేవుడి గూటికంటె కాస్త పెద్దది. అందులోనే డెబ్భై అయిదుగురికి వండాలి. ఒక అరనుంచి ఇంకొక అరకు పోవాలంటే గుండ్రటి కంత. ముందు ఒక కాలు, తరవాత తల, ఆ తరవాత మిగతా మనిషి. ఎక్కడైనా నీరు చొరబడితే ఆ అర తలుపు బిగించి మిగతా ఓడను కాపాడుకోవడం కోసం యీ ఏర్పాటు. బిగించిన అరలో ఎవరున్నారన్నది తరవాతి ప్రశ్న. ఆ ఇనుప తలుపులు ఎంత మందమో చూచాకగాని నాకు యీ సంగతి మనసుకెక్కలేదు.

1971లో కుర్సురా ఏమి చేసింది? చాలామంది చెప్పే కథల్లో అది పాకిస్తాను ఓడలను ముంచేసినట్టు వింటాము. లేదు. నవంబరు 13న బయలుదేరి అరేబియా సముద్రంలో కాపలా తిరిగింది. దానికిచ్చిన ఉత్తర్వులు చాలా కట్టుదిట్టమైనవి. ఫలానా వర్తకపు ఓడల దారి దాటరాదు. శత్రువు యుద్ధనౌక అని నిశ్చయంగా గుర్తుపడితేనో, పైనుంచి ప్రత్యేకమైన ఆజ్ఞ వస్తేనో తప్ప టార్పీడో వదలరాదు. నెలాఖరుదాకా అలా కాచి, తన వంతు కరంజ్‌కు అప్పగించి, డిసెంబరు 4న బొంబాయి చేరింది. ఒక్క టార్పీడో పేల్చలేదు. అప్పటికి యుద్ధం మొదలై ఒకరోజు. ఆ రాత్రే మన క్షిపణి పడవలు కరాచీమీద పడ్డాయి. పేరంతా వాటికి వచ్చింది. రావలసిందే. కాని మూడు వారాలు శత్రువు వాకిట్లో ఊపిరి బిగబట్టి కూర్చొని, చేతిలో ఆయుధం ఉండీ ఆజ్ఞ లేదు గనుక వాడకుండా తిరిగివచ్చిన డెబ్భై అయిదుగురిని నేను తక్కువ చేయలేను. ఆఫీసుల్లో మనబోటివాళ్ళ ఉద్యోగం ఎక్కువ భాగం ఇటువంటిదే. జరగకూడనిది జరగకుండా కూర్చోవడం. దానికి ఇంక్రిమెంటు ఉండదు.

అదే రోజుల్లో దేశానికి ఆ పక్కన, విశాఖ రేవు ముందర, మరొక జలాంతర్గామి కథ ముగిసింది. పాకిస్తానువారి ఘాజీ. అదీ మొదట తనది కాని దేశంలో పుట్టినదే. అమెరికావారు డయాబ్లో అని పేరుపెట్టి కొన్నాళ్ళు వాడుకొని, 1960లలో పాకిస్తానుకు ఇచ్చారు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదుక్కుంటూ బంగాళాఖాతానికి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాను దిక్కుకు పోయింది. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరం దగ్గర ఘాజీ పేలి మునిగిపోయింది. మన రాజ్‌పుత్ నౌక వేసిన బాంబులకని మనవారంటారు. తన మందుపాతరే తనను తిన్నదని వారంటారు. ఏదైతేనేం, తొంభైమందికి పైగా మనుషులు దానిలోనే ఉండిపోయారు. నేటికీ ఉన్నారు. రామకృష్ణా బీచిలో కుర్సురా పక్కన నిలుచుంటే, ఎదురుగా కనిపించే ఆ నీటి అడుగున, రేవుకు దగ్గరలోనే ఘాజీ పడివుంది. ఒకే తీరాన గట్టుమీద ఒకటి, అడుగున ఒకటి. రెండింటిలోనూ గుండ్రటి తలుపులే.

యుద్ధం అయిన నాలుగేళ్ళకు కుర్సురాకు గడ్డురోజులు వచ్చాయి. పెద్ద మరమ్మతుకు పోవలసిన సమయం వచ్చింది. ఆ మరమ్మతు ఏళ్ళతరబడి వాయిదాపడింది. ఈలోపల అక్కచెల్లెళ్ళకు ఏ భాగం చెడిపోయినా కుర్సురా నుంచి ఊడదీసి వాటికి తగిలించారు. సామాను రష్యానుంచి రావడానికి ఎంతకాలం పట్టేదో ఊహించుకోవచ్చు. ప్రభుత్వ ఆఫీసులో పనిచేసినవారికి యీ పద్ధతి కొత్త కాదు. ఒక జీపు షెడ్డులో చేరిందంటే ముందు బ్యాటరీ పోతుంది, తరవాత టైర్లు పోతాయి, చివరకు జీపు పేరు పుస్తకంలోనే మిగులుతుంది. కుర్సురా అలా కాలేదు. 1980లో మరమ్మతు మొదలుపెట్టి, పోయిన అవయవాలన్నీ మళ్ళీ తొడిగి, ఆ దశకం మధ్యకు కొలువులోకి తెచ్చారు. ఆ పైన మరి పదిహేనేళ్ళు పనిచేసింది.

మొత్తం సేవలో అది తిరిగిన దూరం 73,500 నాటికల్ మైళ్ళు. సుమారు లక్షా ముప్పై ఆరు వేల కిలోమీటర్లు. భూమి చుట్టూ మూడుమార్లకు పైమాట. మన సర్జాపురం నుంచి మెజెస్టిక్‌కు పోయే బస్సు రెండు మూడేళ్ళలో అంత తిరుగుతుంది కదా అని ఒక మిత్రుడు నవ్వాడు. నిజమే. బస్సుకు తిరగడం ఉద్యోగం. కాపలా ఓడకు ఉన్నచోట ఉండడం ఉద్యోగం.

2001 ఫిబ్రవరిలో కుర్సురాను సేవనుంచి తప్పించారు. ఇక్కడ నేను అసలు విషయానికి వస్తున్నాను. ప్రభుత్వపు ఓడ ముసలిదైతే ఏమవుతుంది? కండెమ్ చేసి, వేలం వేసి, తుక్కువాడికి అప్పగించడం మామూలు. గుజరాతులో అలంగ్ అనే తీరం ఉంది. ప్రపంచపు ఓడలెన్నో అక్కడ ఇసుకమీదికి వచ్చి ముక్కలవుతాయి. కుర్సురాకు ఆ రాత తప్పడానికి కారణం వినోద్ పస్రీచా అనే అడ్మిరలు. దీన్ని నగరానికి చూపుడుగా ఉంచుదామన్న ఆలోచన ఆయనది. ఆలోచనలు చాలామందికి వస్తాయి. దానికి ఖర్చు వ్రాసుకునే పద్దు దొరకడం కష్టం. అది ఇక్కడ దొరికింది. నౌకాదళం ఓడ ఇచ్చింది, రాష్ట్ర ప్రభుత్వం సరేనంది, విశాఖ నగరాభివృద్ధి సంస్థ, అందరూ వుడా అనేది, పోషణ తన తలకెత్తుకుంది. బీచిలో కాంక్రీటు దిమ్మె కట్టి, సముద్రంమీదుగా లాక్కువచ్చి, దానిమీద కూర్చోబెట్టారు. మొత్తం పని ఏడాదిన్నర పట్టింది. అయిదున్నర కోట్ల రూపాయలు అయింది. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రారంభించారు; ఆ నెల 24 నుంచి జనాన్ని లోపలికి వదిలారు. జలాంతర్గామిని యిలా ప్రజలకు తెరిచి చూపడం దక్షిణాసియాలో అదే మొదలు.

అయిదున్నర కోట్లు ఎక్కువా తక్కువా అనేది పక్కవాటితో పోల్చి చూడాలి. ఘాజీ ఎవరికోసం వచ్చి మునిగిందో ఆ విక్రాంత్ సంగతే చూడండి. 1997లో విరమణ. బొంబాయిలో కొన్నేళ్ళు మ్యూజియంగా ఉంచారు. స్కూలు పిల్లలు వరుసకట్టి చూచారు. పోషణ ఎవరిదో తేలలేదు, ఒళ్ళు పాడయింది, 2012లో ప్రమాదమని మూశారు. 2014లో అరవై కోట్లకు తుక్కుకింద అమ్మారు. దాని ఇనుము కొంత మోటారుసైకిళ్ళలోకి పోయింది. యుద్ధం గెలిచిన ఓడ మన వీధిలో పాలవాడి బండిలో ముక్కగా తిరుగుతూ ఉందేమో, చెప్పలేము.

తరవాతి వంతు విరాట్‌ది. 2017 మార్చిలో దాని సేవ ముగిసింది. దాన్ని తమ తీరానికి తెచ్చుకొని యాత్రాస్థలం చేద్దామని ఆంధ్ర ప్రభుత్వం ముచ్చటపడింది, విశాఖవారు ఆశపడ్డారు. ఖర్చు దగ్గర ఆగిపోయింది. తరవాత మహారాష్ట్రవారు 2018లో 852 కోట్ల అంచనాతో, సముద్రంలోనే నిలిపి మ్యూజియమూ, నీటి అడుగున ఈత నేర్పే కేంద్రమూ పెడతామని మంత్రివర్గంలో తీర్మానించారు. తీర్మానం తీర్మానంగానే ఉంది. 2020లో విరాట్ సుమారు ముప్పై ఎనిమిదిన్నర కోట్లకు తుక్కు వ్యాపారికి పోయి, సెప్టెంబరు నెలాఖరుకు అలంగ్ ఇసుకమీద ఒరిగింది. ఎవరి ప్రేమనూ నేను శంకించడంలేదు. ఎనిమిది వందల కోట్ల ప్రేమకంటె అయిదున్నర కోట్ల రసీదు గట్టిదని మాత్రం పద్దుల గుమాస్తాగా చెప్పగలను.

విశాఖ తీరంలోనే ఇంకొక తమాషా జరిగింది. 2020 అక్టోబరులో ఒక గాలివాన రాత్రి, 'మా' అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు తెంచుకొని తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళమీదికి కొట్టుకువచ్చింది. పదిహేనుమంది నావికులనూ క్షేమంగా దింపారు. పిలవని పేరంటానికి వచ్చిన యీ ఓడను పర్యాటక శాఖవారు హోటలు చేద్దామనుకున్నారు. పత్రికల్లో బొమ్మలు కూడా పడ్డాయి. హోటలూ రాలేదు, భోజనమూ లేదు. జనం మాత్రం చాలాకాలం దానిముందు నిలబడి ఫోటోలు తీసుకున్నారు.

మన కర్ణాటకంలోనూ ఒకటుంది. కార్వారులో రవీంద్రుని పేరుగల బీచిలో చపల్ అనే రష్యా క్షిపణి పడవను 2006లో యిలాగే గట్టెక్కించి చూపుతున్నారు. కుర్సురా ముందు అది బుడత. ఉప్పుగాలి మాత్రం చిన్నా పెద్దా చూడదు. రంగు ఒక ఏడు మానితే చాలు, ఇనుము పొరలుపొరలుగా రాలుతుంది. ఆ దారినే దక్షిణంగా పోతే మురుడేశ్వరం. అక్కడినుంచి పడవలో నేత్రాణి ద్వీపానికి పోయి, వీపున గాలి సీసా కట్టుకొని నీటి అడుగున చేపలు చూచి రావడం మన బెంగుళూరు కుర్రకారుకు యీమధ్య కొత్త సరదా. మా మేనల్లుడు పోయివచ్చాడు. "మామయ్యా, కింద ప్రపంచమే వేరు" అన్నాడు. వాడి జీతం వాడిష్టం.

అటువంటి యాత్రలకు ప్రపంచంలో చాలాచోట్ల విరమణ చేసిన సర్కారు ఓడలనే వాడతారు. గట్టివి, చవకగా వస్తాయి. నీటి అడుగు లోకాన్ని సినిమాలుగా తీసి చూపిన ఫ్రెంచి కెప్టెను కూస్తో గారి కలిప్సో అటువంటిదే. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికాలోని సియాటిల్‌లో కట్టిన కొయ్య ఓడ అది. బ్రిటిషువారికి సముద్రపు మందుపాతరలు ఏరే పని చేసింది. యుద్ధం అయ్యాక మాల్టాలో రేవు దాటించే బల్లకట్టు పని. 1950లో ఒక ధనవంతుడు కొని, ఏడాదికి ఒక్క ఫ్రాంకు అద్దెకు కూస్తోకు ఇచ్చాడు. నలభై అయిదేళ్ళు ప్రపంచమంతా దాన్ని చూచింది. 1996 జనవరిలో సింగపూరు రేవులో ఒక బార్జీ తగిలి మునిగింది. పైకి తీశారు. తరవాత అది ఎవరిది, మరమ్మతు ఎవరు చేయించాలి అని తగాదాలు. అంత పేరున్న ఓడ ఫ్రాన్సులో ఒక షెడ్డులో ఏళ్ళతరబడి చివికిపోయింది. 2017లో టర్కీలో బాగుచేస్తూండగా నిప్పు కూడా అంటుకుంది.

ఇంకొకదాని కథ చెప్పకుండా ఉండలేను. 1955లో స్కాట్లండులోని అబర్డీనులో బ్రిటిషు ప్రభుత్వపు చేపల శాఖవారు పరిశోధనకని ఒక ఓడ కట్టించారు. పేరు సర్ విలియం హార్డీ. ఇరవై ఏళ్ళు బుద్ధిగా చేపల లెక్కలు చూచుకుంది. ముసలిదయ్యాక 1978లో గ్రీన్‌పీస్ అనే సంస్థవారు కొని, ఇంద్రధనుస్సు రంగు పూసి, రెయిన్‌బో వారియర్ అని పేరుపెట్టారు. తిమింగిలాల వేట దగ్గరికి పోయి అడ్డం నిలిచేది. పసిఫిక్ సముద్రంలో ఫ్రాన్సువారు చేసే అణుపరీక్షలకు అడ్డుపోవాలని న్యూజిలండులో ఆక్లండ్ రేవులో ఉండగా, 1985 జూలై 10 అర్ధరాత్రి ప్రాంతంలో ఫ్రెంచి గూఢచారులు బాంబులు పెట్టి ముంచారు. ఫెర్నాండో పెరీరా అనే ఫోటోగ్రాఫరు చనిపోయాడు. ఫ్రెంచి ప్రభుత్వం మొదట కాదంది, రెండు నెలలకు ఒప్పుకుంది. ఓడను తేల్చి చూస్తే బాగుచేయడానికి వీలులేని స్థితి. అలంగ్ వంటి చోటుకు పంపలేదు. 1987 డిసెంబరులో ఆ దేశపు ఉత్తరాన మటౌరి అఖాతంలో లాంఛనంగా ముంచారు. ఇప్పుడు దాని ఒంటినిండా సముద్రపు పూలు. చేపలు గదులగదులలో కాపురం. మా మేనల్లుడివంటివారు పడవ కట్టించుకొని పోయి దిగి చూస్తారు. చేపలను లెక్కపెట్టిన ఓడ చివరకు చేపలకు ఇల్లయింది.

ఆ మార్గాన్నే మనవారూ పట్టారు. గుల్దార్ అనే నౌక 2024 జనవరిలో విరమణ చేసింది. దాన్ని సింధుదుర్గం దగ్గర సముద్రంలో ముంచి, చేపలకు తావుగా, ఈతగాళ్ళకు చూపుడుగా చేయాలని 2025లో మహారాష్ట్ర పర్యాటక సంస్థకు అప్పగించారు. ముంచే పద్ధతిలో ఒక సౌకర్యముంది. రంగు ఖర్చు ఉండదు.

కుర్సురాకు మాత్రం రంగు ఖర్చు ఏటేటా ఉంది. సముద్రం దానికి గడప దగ్గరే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖమీద పడినప్పుడు నగరంలో చెట్లు మిగలలేదు, కరెంటు స్తంభాలు మిగలలేదు. ఆ బీచి ఇసుక కూడా కోసుకుపోతూ వచ్చింది. కుర్సురా దిమ్మెమీద నిలిచింది. వుడా 2018లో పెద్ద ప్రాంతానికి పెరిగి పేరు మార్చుకుంది. ఓడ పద్దు మాత్రం కొత్త పుస్తకంలోకి ఎక్కింది. ఇది చాలా పెద్ద సంగతి. సంస్థలు పేరు మార్చుకునేటప్పుడు ఎన్ని వస్తువులు పుస్తకాలనుంచి జారిపోతాయో మా వృత్తివారికి తెలుసు.

లోపల దారి చూపేవారు నౌకాదళంలో పనిచేసి విరమించినవారే. ఇది ఎవరి ఆలోచనో గాని చాలా మంచిది. నేను చూచినప్పుడు ఒక పెద్దాయన పెరిస్కోపు దగ్గర నిలబడి మా గుంపుకు చెబుతున్నాడు. ఒక ఇల్లాలు, "అన్నయ్యగారూ, మీకు యీ ఇరుకులో ఊపిరాడేదా?" అని అడిగింది. ఆయన నవ్వి, "ఊపిరికేమమ్మా, ఆడేది. పిల్లల ఉత్తరాలు రేవు చేరేదాకా అందవు, అదే కష్టం" అన్నాడు. పెరిస్కోపు గురించి చెప్పినదంతా నేను మరచిపోయాను.

నౌకాదళంవారు దీన్ని ఇంకా పూర్తిగా పరాయి చేయలేదు. ఉత్సవాలలో ఓడలను జెండాలతో అలంకరించడం ఒక మర్యాద. అది కొలువులో ఉన్న ఓడలకే జరిగేది. కుర్సురాకు విరమణ తరవాత కూడా ఆ మర్యాద ఉంచారు. పింఛను తీసుకుంటున్న గుమాస్తాను ఆఫీసు విందుకు పిలిచి ముందువరసలో కూర్చోబెట్టినట్టు. ఎదురుగా రోడ్డు అవతల 2017 డిసెంబరులో తుపోలెవ్ అనే పెద్ద కాపలా విమానాన్ని కూడా తెచ్చి నిలిపారు. అదీ రష్యాదే, అదీ విరమణే. ఇద్దరు ముసలివారు ఎదురెదురు అరుగుల మీద కూర్చున్నట్టుంటుంది.

మన కుటుంబాలలో యీ దసరాకు పోదలచినవారికి నాలుగు మాటలు. బెంగుళూరునుంచి భువనేశ్వరం పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ విశాఖమీదుగా పోతుంది. టిక్కెట్లు ముందుగా చేయించుకోండి. కుర్సురాలో మోకాళ్ళ నొప్పులవారికి గుండ్రటి తలుపుల దగ్గర కొంచెం ఇబ్బంది. చీర కుచ్చిళ్ళు పట్టుకొని దాటాలి. పొడుగువారు తల జాగ్రత్త. చిన్నపిల్లలకు మాత్రం ఆ కంతలన్నీ వాళ్ళ కొలతకే చేసినట్టుంటాయి. ఎండ దిగాక సాయంత్రం పోవడం మంచిది, లోపల ఇనుము వేడి చల్లారి ఉంటుంది. సోమవారం పోకండి. ఆ రోజు సెలవు.